బిషప్ ఎందుకు కూయడం మానేశాడు

ఆ వసంతకాలమంతా చక్రధర్ ఇంట్లో పప్పు ఉడికిందీ లేనిదీ చెప్పింది కుక్కరు కాదు, పక్కింటి టర్కీ కోడిపుంజు.

కుక్కరు ఒక కూత వేస్తే గోడ అవతల నుంచి వాడూ ఒక కూత వేసేవాడు. రెండోదానికి రెండోది. మెడ సాచి, ముక్కు మీద వేలాడే ఎర్రతోలు ఊపుకుంటూ, గొంతులో గోళీలు దొర్లించినట్టు గులగులగులమని అరిచేవాడు. మేడ మీద బట్టలు మడతపెడుతున్న శాంత విజిళ్లు లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. "ఏవండీ, మూడు అరుపులయ్యాయి, స్టవ్ కట్టేయండి!" అని పైనుంచి కేకేసేది.

ఐర్లండ్‌లో కిల్కెన్నీ ఊరు దాటీ దాటగానే ఉంటుంది ఆ ఇల్లు. దాని ఓనరు బ్రైడీకి ఎనభై ఒక్కేళ్లు. గోడ అవతల పాత ఇంట్లో ఆవిడా, రెండు టర్కీ పెట్టలూ, ఈ పుంజూ కాపురం. పేరు పెట్టి పిలవమని ఆవిడ ఎంత చెప్పినా అంత పెద్దావిడని బ్రైడీ అనడానికి చక్రధర్‌కి నోరు రాక ఆంటీ అనేవాడు. "నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యానయ్యా?" అని మొదట్లో నవ్వి, తర్వాత ఆవిడే అలవాటు పడింది.

పుంజు పేరు బిషప్. ఎర్రటి మెడ, నల్లటి అంగీ, తొందరన్నది తెలియని నడక చూసి బ్రైడీయే పెట్టింది. రెండు క్రిస్మసు విందుల గండం గడిచిన ఘనుడు. మొదటిసారి బ్రైడీ మేనల్లుడు డోనల్ కత్తి నూరుకుని వస్తే, వీడు వెళ్లి ట్రాక్టరు సీటెక్కి కూర్చున్నాడట. ఎంత అదిలించినా దిగలేదట. బ్రైడీకి నవ్వు ఆగక, వాణ్ని వదిలెయ్యమందట. రెండో క్రిస్మసుకి ఆ ఊసెత్తే ధైర్యం డోనల్‌కే లేకపోయింది. మహమ్మారి వచ్చి చర్చిలు మూసేశాక, డెబ్బై దాటినవాళ్లు గడప దాటొద్దని ప్రభుత్వం చెప్పాక, "నాకు మిగిలిన బిషప్ వీడొక్కడే" అనేది ఆవిడ. పొద్దున్నే వాడి కూత వింటే తనతోపాటు ఇంకొకరు కూడా లేచి ఉన్నారని ధైర్యంగా ఉంటుందట.

చక్రధర్ ఇంటికీ వాడే దిక్కు. శాంత అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. డ్యూటీ దిగి వచ్చి, వెనకాల షెడ్డులో బట్టలు మార్చుకుని, ముఖమంతా మాస్కు గీతలతో వంటింట్లో కూలబడేది. ఏం జరిగిందని అడిగితే చెప్పేది కాదు. అప్పుడు కుక్కరు కూసేది, గోడవతల బిషప్ బదులిచ్చేవాడు, శాంత మూతి ఒక పక్కకి వంగేది. ఆ వంకర చిరునవ్వు కోసం చక్రధర్ అవసరం ఉన్నా లేకపోయినా ఇంకో విజిల్ రానిచ్చేవాడు. అన్నం కాస్త మెత్తబడితే పడనీ అనుకునేవాడు.

అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మన తెలుగువాళ్లకి ఇంట్లో ఒక వింత జరిగితే దాన్ని గ్రూపులో పెట్టకపోతే నిద్ర పట్టదు కదా. చక్రధర్ నలభై సెకన్ల వీడియో తీశాడు. కుక్కరు, కిటికీ, కిటికీలోంచి బిషప్. "మా ఇంటి ఆటోమేటిక్ విజిల్ కౌంటర్" అని పేరు పెట్టి కిల్కెన్నీ తెలుగు కుటుంబాల గ్రూపులోకి వదిలాడు. సాయంత్రానికి అది లిమరిక్ ఊరు చేరింది, రాత్రికి ట్రాలీ ఊరు. గోడల మధ్య మగ్గిపోతున్న జనం నవ్వి నవ్వి చచ్చారు.

అప్పటికింకా రెండు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్న రూలుంది కాబట్టి నవ్వులతో సరిపోయింది. మే మొదటి వారంలో ఆ రెండు కాస్తా అయిదు చేశారు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ చక్రధర్ ఇల్లు అయిదు లోపే. ఇంకేముంది, వ్యాయామం పేరుతో తిరునాళ్లు మొదలయ్యాయి. వెనక సందులో బ్రైడీ పొలం గేటు దగ్గర రెండేసి మీటర్ల దూరంలో, ముఖాలకి మాస్కులతో కుటుంబాలు నిలబడి గులగులమని అరిచేవి. బిషప్ తోక విప్పుకుని, రెక్కలు నేలకి రాస్తూ గేటు దాకా పరుగెత్తుకొచ్చేవాడు. టర్కీ పుంజు కూసేది పెట్టని పిలవడానికే. తీరా చూస్తే పెట్ట ఉండేది కాదు, ఫోన్లు ఉండేవి. తెలుగువాళ్లని చూసి ఐరిష్‌వాళ్లూ ఆగడం మొదలుపెట్టారు. వాళ్లూ అరిచేవాళ్లు, యాస ఒక్కటే తేడా.

గ్రూపులోని గురుమూర్తి అయితే ఏకంగా కారులో అయిదు లీటర్ల కుక్కరూ, పిక్నిక్ స్టవ్వూ వేసుకొచ్చాడు. తన కుక్కరు కూత ఇంకా ఖంగుమంటుందని అతని నమ్మకం. గేటు పక్కన పెట్టి వెలిగించాడు. అది ఆవిరి కక్కుతుండగా అటు వెళ్తున్న గార్డుల కారు ఆగింది, అక్కడ పోలీసుల్ని అలాగే అంటారు.

"ఏముంది ఆ కుండలో?" అని దూరం నుంచే అడిగాడు కారులోని గార్డ్.

"శనగలండీ" అన్నాడు గురుమూర్తి రెండు చేతులూ పైకెత్తి.

కుక్కరు కూసింది. బిషప్ కూశాడు. గార్డు టోపీ సర్దుకుని, అక్కడివాళ్లు బాగానే ఉందనడానికి అనే మాట, "గ్రాండ్" అని, శనగలు తీసుకుని ఇంటికి వెళ్లమన్నాడు. మర్నాడు యూనిఫాం లేకుండా ఆయనే పిల్లల్ని తీసుకొచ్చి గేటు దగ్గర అరిచాడు.

ఇలా పది రోజులు నడిచింది. పదకొండో రోజు చక్రధర్ కుక్కరు మూడు కూతలు కూసింది, అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. లెక్క తప్పి పప్పు అడుగంటింది.

"నిద్రపోతున్నాడేమో" అంది శాంత. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దున్న కూత కూడా లేదు.

చక్రధర్ ఒక డబ్లిన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టరు. తప్పు ఎక్కడుందో వెతకడమే ఉద్యోగం. ఈ తప్పునూ అలాగే వెతకబోయాడు. కుక్కరు రబ్బరు మార్చాడు. వెయిటు తోమాడు. పెద్ద కుక్కరు, చిన్న కుక్కరు, కిటికీ తెరిచి, కిటికీ మూసి, అన్నీ చేసి చూశాడు. పొద్దున పప్పు, మధ్యాహ్నం సాంబారు, సాయంత్రం మళ్లీ పప్పు. కందిపప్పు డబ్లిన్ నుంచి రావడమే గగనమైన రోజులవి.

"ఏవండీ, ఉన్నది రెండు కిలోలు. మీ ప్రయోగాలకి నేను పప్పు ఎక్కణ్నుంచి తెచ్చేది?" అని శాంత డబ్బా తీసుకెళ్లి పై అలమారలో దాచింది. అప్పటినుంచి ఉత్త నీళ్లతో కూతలేయించాడు.

"డాడీ, హి డజంట్ లైక్ ఇట్ ఎనీమోర్. లీవ్ హిమ్ బీ" అంది తొమ్మిదేళ్ల ఐశ్వర్య, ఐరిష్ యాసలో.

"నువ్వూరుకోమ్మా, టెస్టింగ్ జరుగుతోంది" అన్నాడు తండ్రి.

శాంత గోడ మీంచి చూసి వైద్య నివేదిక ఇచ్చింది. "కళ్లు క్లియర్‌గా ఉన్నాయి. మేత తింటున్నాడు, నడుస్తున్నాడు. జ్వరం గివరం ఏం లేదు. ఒట్టి అలకలా ఉంది. అలకకి మా హాస్పిటల్లో మందు లేదండీ."

డోనల్‌కి ఈ నివేదిక రుచించలేదు. వారానికోసారి బ్రైడీకి సరుకులు తెచ్చి గుమ్మం ముందు పెట్టి వెళ్లేవాడతను. ఆ గురువారం గోడ ఇవతలికి కూడా వినబడేలా మాట్లాడాడు. "వసంతంలో కూయని పుంజంటే జబ్బు చేసినట్టే అత్తా. పెట్టలకి అంటుకోకముందే తీసెయ్యాలి. ఆదివారం వస్తాను, పెట్టె తెస్తాను."

మామూలు ఏడాదైతే బ్రైడీ అతణ్ని తిట్టి పంపేదే. అంటుకోవడం అన్న మాటకి లోకమంతా వణికిపోతున్న ఏడాది అది. "ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ పలకకపోతే నీ ఇష్టం" అంది. అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. తను సరదాకి పెట్టిన వీడియోకీ ఈ పెట్టెకీ ఏదో చుట్టరికం ఉందని చక్రధర్‌కి అప్పటికే అనుమానం. పైకి ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి ఎప్పట్లాగే టీం కాల్. మేనేజరు రవి కుమార్ మంచివాడే, ఒక్క గుణం తప్ప. ఎవరు నోరు తెరిస్తే పని వాళ్ల నెత్తినే పెడతాడు. మార్చిలో చక్రధర్ లాగిన్ పేజీ నెమ్మదిగా ఉందన్నాడు. "గుడ్ పాయింట్, చక్రధర్! అది మీరే చూసేయండి" అన్నాడు. ఏప్రిల్లో గైడు పాతబడిందన్నాడు. "గుడ్ పాయింట్!" నలభై పేజీల గైడు రాసేసరికి చక్రధర్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచీ నోటికి తాళం వేశాడు. మిగతా పదకొండు మందీ అతనికంటే తెలివైనవాళ్లు, ఫిబ్రవరి నుంచే మ్యూట్‌లో ఉన్నారు.

"కొత్త ఫారం సోమవారం రిలీజ్. ఎవరికైనా ఏమైనా డౌట్స్?" అన్నాడు రవి కుమార్.

చక్రధర్‌కి ఉంది. ఆ ఫారం పుట్టినరోజు దగ్గర ఫిబ్రవరి ముప్పై అని కొట్టినా కిక్కురుమనకుండా తీసుకుంటోంది. నాలుక చివరిదాకా వచ్చింది. 'నాకెందుకొచ్చిన గొడవ' అనుకుని మింగేసి, కిటికీలోంచి బయటికి చూశాడు.

సందులో ఒక జంట గేటు దగ్గర ఆగి గులగులమన్నారు. బిషప్ కంచె పక్కన ఉన్నాడు. మెడ సర్రున సాగింది, తోక సగం విచ్చుకుంది, గొంతు ఉబ్బింది. ఆ కూత పీక దాకా వచ్చినట్టు ఇక్కణ్నుంచే తెలుస్తోంది. అంతలో గేటు వైపు ఒకసారి చూశాడు. తోక ముడిచాడు. ఆ కూతను మింగేసి, తలొంచుకుని గడ్డివాము వెనక్కి వెళ్లిపోయాడు.

చక్రధర్‌కి అద్దంలో చూసుకున్నట్టయింది. "ఓరి నీ! నువ్వూ మ్యూట్‌లో ఉన్నావురా!" అన్నాడు పైకే. కూసినప్పుడల్లా జనం వచ్చి మీద పడుతుంటే, ఏ ప్రాణికైనా కూయబుద్ధి ఎందుకవుతుంది? వాడు పిలిచింది పెట్టని, వచ్చింది ఊరు ఊరంతా. కూత మానేస్తే ఊరు రావడం మానేస్తుందని వాడు తన బుర్రతో తనే తేల్చుకున్నాడు. తప్పెక్కడుందోనని మూడు రోజులు కుక్కరు తోమిన తనదీ తెలివేనా అని చక్రధర్ సిగ్గుపడ్డాడు.

ఆదివారం పదకొండింటికి డోనల్ చెక్కపెట్టెతో దిగాడు. చక్రధర్ అప్పటికే సందులో గేటుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు, రెండు మీటర్ల లెక్క తప్పకుండా. బ్రైడీ కిటికీ తెరిచి వింటోంది.

"ఆంటీ, వాడికి జబ్బు లేదు. చేసింది నేను" అన్నాడు. నెల రోజులుగా ఆఫీసు కాల్‌లో నోరు విప్పని మనిషి అయిదు నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. వీడియో, గ్రూపు, శనగలు, ఉత్తనీళ్ల కుక్కరు, ఏదీ దాచలేదు. తన ఆఫీసు కాల్ గురించి కూడా చెప్పాడు. అది విని డోనల్ పెట్టె మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. అతనిదీ ఆఫీసు ఉద్యోగమే, పొలం శని ఆదివారాల్లో మాత్రమే.

బ్రైడీ నవ్వలేదు. "వాళ్లంతా వచ్చింది కోడి కోసమా?" అంది.

చక్రధర్‌కి అర్థం కాలేదు.

"వంటింటి కిటికీలోంచి గేటు కనబడుతుంది కదా. ముసలిది ఒక్కతే ఉందని నన్ను పలకరించడానికి వస్తున్నారనుకున్నాను. రోజూ అందరికీ చెయ్యి ఊపాను."

చక్రధర్ కూతలన్నీ లెక్కపెట్టాడు గానీ ఆ కిటికీలో ఊగిన చెయ్యిని ఒక్కసారి కూడా చూడలేదు.

"సరేలే. ఇప్పుడేం చేద్దామంటావు?" అంది ఆవిడే.

"పది రోజులివ్వండి ఆంటీ. ఎవరూ రారు, ఎవరూ అరవరు, కుక్కరు కూడా కూయదు. వాడిని ఊరికే వదిలేద్దాం."

డోనల్ పెట్టెను అక్కడే పెరట్లో వదిలేసి, పదోరోజు సాయంత్రం వస్తానని వెళ్లాడు.

ఇంటికొచ్చి చక్రధర్ గ్రూపులో రాశాడు. "అపరాధం నాదే. ఇకనుంచి సందు గేటు దగ్గరికి ఎవరూ రావద్దు. రావాలనుకున్నవాళ్లు వీధి గుమ్మం వైపు రండి. అక్కడ బ్రైడీ ఆంటీ కూర్చుంటుంది. గులగులమనొద్దు, చెయ్యి ఊపండి చాలు." వెంటనే గురుమూర్తి, "ఆంటీ శనగలు తింటారా?" అని అడిగాడు.

మర్నాటి నుంచి వీధి గుమ్మం ముందు డబ్బాలు చేరాయి. శనగలు, పులిహోర, ఒకరెవరో సున్నుండలు. బ్రైడీ కుర్చీ బయటికి వేయించుకుని, జుట్టు దువ్వుకుని కూర్చునేది. పేర్లడిగి, వాటిని తనకి చాతనైనట్టు పలికేది. గురుమూర్తిని గురు చేసింది, శనగల కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని మరికొన్ని తెమ్మంది.

సందు వైపు మాత్రం చీమ చిటుక్కుమనలేదు. చక్రధర్ ఇంట్లో పప్పు గిన్నెలో గంటన్నరసేపు ఉడికేది. "ఆ పుంజు నోరు తెరిచేలోపు నా ఉద్యోగం కంటే ఈ పప్పే నన్ను చంపేట్టుంది" అని శాంత గరిటె తిప్పుతూ సణిగేది. అయినా కుక్కరు దింపలేదు. ఐశ్వర్య సైకిలు బెల్లుకి గుడ్డ చుట్టింది. ఆరో రోజు, ఏడో రోజు, ఎనిమిదో రోజు. బిషప్ గడ్డివాము వెనకాల మేసేవాడు, గేటు వైపు అనుమానంగా చూసేవాడు, అంతే. తొమ్మిదో రోజూ కూత లేకుండానే గడిచింది. చక్రధర్‌కి పెరట్లో పెట్టె తప్ప ఇంకేమీ కనబడేది కాదు.

పదో రోజు పొద్దున తొమ్మిదిన్నరకి కాల్. ఫిబ్రవరి ముప్పై బయటపడి వారం రోజులుగా గోలగోలగా ఉంది.

"ఇది ఇంతమందిలో ఒక్కరికీ ముందు కనబడలేదా?" అన్నాడు రవి కుమార్ విసుగ్గా. పన్నెండు మైకులూ మూసి ఉన్నాయి.

చక్రధర్ తన మైకు తెరిచాడు. "నాకు కనబడింది సార్" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

అతను నోరు తెరిచేలోపు కిటికీలోంచి వినబడింది. గులగులగులమని, నిండుగా, పొలమంతా మారుమోగేలా.

కాల్‌లో అందరూ ఉలిక్కిపడ్డారు. "ఎవరండీ అది?" అన్నాడు రవి కుమార్.

"మా పక్కింటి బిషప్ సార్." చక్రధర్ కుర్చీలోంచి లేచాడు. "రెండు వారాలు దాటాక మాట్లాడాడు. నోరు తెరిస్తే చాలు జనం మీద పడుతుంటే మూసేసుకున్నాడు. పదిరోజులు ఎవరూ మీద పడకపోతే తెరిచాడు. మేమూ అంతే సార్. డౌటు చెప్పినవాడికే పని పడితే డౌటు ఎవరు చెప్తారు? ఇప్పుడే వస్తా, ఒక్క నిమిషం."

ల్యాప్‌టాప్ అలాగే వదిలేసి, లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి పరుగెత్తాడు. వెనకనుంచి ఎవరో పకపకా నవ్వడం, తర్వాత ఒకరి తర్వాత ఒకరు మైకులు తెరవడం వినబడింది. రవి కుమార్ గొంతు కూడా, "సరే, చెప్పండి, వింటా. ఎవరికీ పని ఇవ్వను, ప్రామిస్" అంటోంది.

గోడ దగ్గరికి వచ్చి చూస్తే బిషప్ డోనల్ తెచ్చిన పెట్టె ఎక్కి నిలబడి ఉన్నాడు. తోక నిండుగా విప్పి, రెక్కలు దించి, మెడ కాలిన ఇనుములా ఎర్రగా. కంచె పక్కన ఒక పెట్ట నెమ్మదిగా అతనివైపే నడిచివస్తోంది. వెనక తలుపు దగ్గర బ్రైడీ, చేతిలో టీ కప్పు, బుగ్గలు తడిసి ఉన్నాయి.

మళ్లీ కూశాడు. చక్రధర్‌కి బదులు పలకాలని గొంతు దురద పెట్టింది. ఐశ్వర్య వచ్చి పక్కన నిలబడి రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది. నైట్ డ్యూటీ దిగి నిద్రపోతున్న శాంత పైనుంచి కిటికీ తెరిచింది. మొహాన మాస్కు గీతలు ఇంకా పోలేదు, మూతి మాత్రం ఒక పక్కకి వంగి ఉంది.

బ్రైడీ వాళ్లందరినీ చూసి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

బిషప్ మూడోసారి కూశాడు. గోడకి అటూ ఇటూ ఉన్న నలుగురిలో ఒక్కరూ బదులు పలకలేదు. పెట్ట ఒక్కటే పలికింది.